లైటింగ్ డిజైన్ అంటే బల్బులు బిగించడం కాదండీ

"మా అమ్మాయి ఆర్కిటెక్చర్ చివరి ఏడాది. భవనాలకు, తోటలకు రాత్రి లైటింగ్ డిజైన్ చేస్తానంటోంది. ఇంత చదివి లైట్లు పెట్టే పనా? పోనీ, విదేశంలో మాస్టర్స్ చేయిస్తే మంచిదా, ఇక్కడే ఉద్యోగం మంచిదా?" అని ఓ తండ్రి అడిగారు.

సార్, మీరు అడిగింది మాస్టర్స్ గురించే కానీ, మీ టెన్షన్ అంతా నలుగురూ అడిగితే ఏం చెప్పాలన్నదే. ముందు అది తేల్చుకుందాం.

రాత్రిపూట టార్చి తీసుకుని ఏదైనా రాతిగోడ దగ్గరికి వెళ్లండి. గోడ మొదట్లో, దాదాపు ఆనించి, పైకి వెలుగు వేస్తే ఉలి దెబ్బతో సహా ప్రతి గరుకూ నీడతో పైకి లేస్తుంది. నాలుగడుగులు వెనక్కొచ్చి ఎదురుగా వేస్తే అదే గోడ చదునుగా కనిపిస్తుంది. మొదటిది గ్రేజింగ్, రెండోది వాషింగ్. ఎక్కడ ఏది కావాలో, దీపం కంట్లో గుచ్చుకోకుండా ఎలా దాచాలో, ఇవాళ నాటిన మొక్క చెట్టయ్యాక ఆ వెలుగు ఎటు పడుతుందో ముందే ఆలోచించడం మీ అమ్మాయి చేయాలనుకుంటున్న పని. ఈ వృత్తికి 1969 నుంచే అంతర్జాతీయ సంఘం ఉంది. వైరింగ్ చేసేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లదీ గౌరవమైన పనే. "లైట్లు పెట్టే పనా" అన్న మాట మాత్రం ఇంకోసారి ఆ పిల్ల ముందు అనకండి, దయచేసి.

నా అనుమానాలు వేరే ఉన్నాయి. ఇప్పుడు అందరూ రెండు నెలల సాఫ్ట్‌వేర్ సర్టిఫికెట్ వెంట పడుతున్నారు. ఎక్కడ ఎంత వెలుగు పడుతుందో ముందే కంప్యూటర్‌లో చూపించే డయలక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. అసలు తెర మీద మెరిసే బొమ్మను నమ్మితేనే ప్రమాదం, అందులో కళ్లు చెదరడం తెలియదు. పైగా వెలుగు ఎక్కువే ఉండాలనీ లేదు. నిండు పున్నమి వెన్నెల 0.3 లక్స్ (వెలుగును కొలిచే యూనిట్) దాటడం అరుదు, అయినా దారి కనిపిస్తుంది కదా! రంగులు మారే లైట్లతో భవనాన్ని నింపడం ఫ్యాషనైపోయింది కానీ, ఎక్కువ వెలుగు పురుగులకు, పక్షులకు చేటని తెలిశాక అడవి పక్కన, సముద్రం ఒడ్డున ఎంత తగ్గించాలో తెలిసినవాళ్లే కావాలి. తీరంలో లైట్లు చూసి తాబేలు పిల్లలు సముద్రం వైపు కాక ఎదురు దిక్కుకి పోతాయి. ఇంకో నిజం కూడా చెప్పాలి. లైట్లు అమ్మే కంపెనీలు చాలాచోట్ల డిజైన్ ఉచితంగా ఇస్తాయి, అందుకే విడిగా ఫీజు ఇచ్చే క్లయింట్లు దొరకడానికి టైం పడుతుంది.

మాస్టర్స్ సంగతి: స్టాక్‌హోంలో కేటీహెచ్, లండన్‌లో యూసీఎల్ యూనివర్సిటీలు ఈ సబ్జెక్టు చెబుతాయి. కానీ డిగ్రీ అవ్వగానే పంపకండి. ముందు ఏదైనా లైటింగ్ కన్సల్టెన్సీలో రెండేళ్లు చేయనివ్వండి. నచ్చకపోతే ఆర్కిటెక్చర్ డిగ్రీ చేతిలోనే ఉంటుంది, అంత కంగారు అవసరం లేదు. లైట్లు ఏ కోణంలో తిప్పాలో చీకటి పడ్డాకే చూస్తారు కాబట్టి సైట్‌లో తోడు ఎవరుంటారు, ఇంటికి ఎలా చేరుస్తారు అని చేరే ముందే ఆ సంస్థని అడగమనండి. రెండేళ్లయ్యాక కూడా ఇదే కావాలంటే, అప్పుడు పంపండి.