డీఆర్‌ఎల్ లైట్లు పెట్రోల్ తాగుతాయా?

నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు రోజూ కారులో వెళ్లొస్తారు కాబట్టి, కారు ముందు పగలు వెలిగే డేటైమ్ రన్నింగ్ లైట్ల (డీఆర్‌ఎల్‌ల) వల్ల మైలేజీ పడిపోతుందేమోనని మీ అనుమానం.

తాగుతాయి, కానీ చెంచాల లెక్కలో. లైట్లకు కరెంటిచ్చేది ఆల్టర్నేటర్, దాన్ని తిప్పేది ఇంజన్. కరెంటు వాడకం పెరిగిన కొద్దీ ఆల్టర్నేటర్ తిరగడం బరువవుతుంది, ఇంజన్ ఆ మేరకు ఎక్కువ పెట్రోల్ కాలుస్తుంది. ఎల్‌ఈడీ జత 15 వాట్లు అనుకుంటే గంటకు సుమారు 10 మిల్లీలీటర్లు. నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ చేరేసరికి రెండు మూడు రూపాయలు, చాయ్ డబ్బులు కూడా కావు. అదే పగలు హాలోజన్ హెడ్‌లైట్లు వేస్తే ఒక్కోటి 55 వాట్లు, ఖర్చు ఏడెనిమిది రెట్లు.

మన ఎండల్లో ఏసీ తాగే దాని ముందు ఇవేవీ లెక్కలోకి రావు. మైలేజీ నిజంగానే తగ్గితే ముందు టైర్లలో గాలి చూపించండి.