నడుము లాగించే ముందు ఆ పాదం చూపించండి

ప్రశ్న: నా వయసు 48. మాది పరకాల దగ్గర పల్లె, పత్తి, మిర్చి వేస్తాం. రెండు నెలలుగా నడుము నుంచి ఎడమ పిరుదు, పిక్క మీదుగా పాదం దాకా గుంజుతోంది. ఎంఆర్ఐ తీస్తే ఎల్4-ఎల్5 దగ్గర (నడుములోని నాలుగు, ఐదో పూసల మధ్య) డిస్క్ జారిందన్నారు. ఊళ్లో ఆర్ఎంపీతో సూదులు వేయించుకుంటే రెండు రోజులు తగ్గి మళ్లీ వస్తోంది. రోజూ డైక్లోఫెనాక్ గోలీ వేసుకుంటున్నాను. బీపీకి టెల్మిసార్టాన్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఈ మధ్య నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోతోంది. హనుమకొండలో ఫిజియోథెరపీ చేయించుకోమంటున్నారు. కరెంటు పెట్టి, నడుము లాగితే డిస్క్ లోపలికి పోతుందా? ఎన్ని రోజులు పడుతుంది? బెల్టు పెట్టుకోవాలా?
– ఒక రైతు

జవాబు: చెప్పు జారుతోందని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది అదే. ఎల్4-ఎల్5 డిస్క్ సాధారణంగా నొక్కే నరం పాదాన్ని, బొటనవేలిని పైకి లేపే కండరాలకు వెళ్తుంది. ఆ బలం తగ్గుతున్నా చెప్పు జారుతుంది, షుగర్ వల్ల పాదం మొద్దుబారినా జారుతుంది. మిమ్మల్ని చూడకుండా ఏదని చెప్పలేను. గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు వేయండి. ఎడమ పాదం ముందుభాగం పైకి లేవకపోతే ఒకటి రెండు రోజుల్లోనే ఆర్థోపెడిక్ లేదా న్యూరోసర్జన్‌కు చూపించండి. లేచినా సరే, ఈ వారం దాటనివ్వకండి.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే మూత్రం పడిపోయినా, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గినా తెల్లారేదాకా చూడొద్దు. రాత్రయినా సరే, వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా మూత్రం మీద పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఇక గోలీలు. బీపీ, షుగర్ ఉన్న మనిషి రెండు నెలలు రోజూ డైక్లోఫెనాక్ ఎవరినడిగి వేసుకున్నారు? కోపంతో అనడం లేదు, కానీ అనక తప్పడం లేదు. ఆ గోలీ కిడ్నీకి రక్తం తగ్గిస్తుంది, బీపీ పెంచుతుంది, కడుపులో పుండు పడేస్తుంది. టెల్మిసార్టాన్‌తో కలిస్తే కిడ్నీ మీద భారం ఇంకా ఎక్కువ. కిడ్నీ దెబ్బతింటే మెట్‌ఫార్మిన్ డోసు కూడా మార్చాల్సి రావచ్చు. కిడ్నీ పాడవుతుంటే నొప్పి రాదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. నడుము నొప్పితో మొదలై కిడ్నీ డాక్టర్ దగ్గర తేలేవాళ్లను చూస్తూనే ఉన్నాం. ఆ గోలీ ఇవాళే ఆపి, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), మూత్ర పరీక్ష చేయించండి. నొప్పికి బదులు ఏం వేసుకోవాలో ఆ రిపోర్టు చూసిన డాక్టరే చెప్పాలి. బీపీ, షుగర్ మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. నల్లగా, తారులా విరేచనం అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆ సూదుల్లో స్టెరాయిడ్ ఉందేమో అడిగి, పేరు రాయించుకోండి. ఉంటే షుగర్ పెరిగి ఉండొచ్చు, అదీ చూపించుకోండి.

ఫిజియోథెరపీ మంచిదే, పాదం బలం చూశాకే. కరెంటు, వేడి కాసేపు హాయినిస్తాయి. ట్రాక్షన్‌తో లాగితే డిస్క్ లోపలికి పోతుందన్న ఆశ పెట్టుకోవద్దు. జారిన ముక్క చాలామందిలో నెలల మీద తనంతట తానే కుంచించుకుపోతుంది. నొప్పి లేనివాళ్ల స్కాన్‌లోనూ డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది, కాబట్టి స్కాన్ చూసి భయపడకండి. అసలు మందు వ్యాయామం. ఉదాహరణకు బోర్లా పడుకుని మోచేతుల మీద లేచేది ఉంది. అది చేస్తుంటే పాదంలోని నొప్పి పిక్కకు, తొడకు, పైకి వెనక్కి తగ్గుతూ వస్తే మంచి గుర్తు. అప్పుడు నడుము దగ్గర కొంచెం ఎక్కువైనట్టుంటుంది. చాలామంది అక్కడే భయపడి మానేస్తారు, మీరు మానకండి. నొప్పి కిందికి పాకితే మాత్రం ఆపి, ఫిజియోకు చెప్పండి.

రోజుల లెక్క అడిగారు. సయాటికా, అంటే నడుము నుంచి కాలికి గుంజే ఈ నొప్పి, చాలామందికి 6 నుంచి 12 వారాల్లో బాగా తగ్గుతుంది, కొందరికి ఇంకా పడుతుంది. రోజూ హనుమకొండ బస్సెక్కాల్సిన పని లేదు. నేర్చుకుని ఇంట్లో చేసుకోండి, వారానికోసారి చూపించుకుంటే చాలు. మంచం మీదే ఉండిపోవద్దు, కొద్దికొద్దిగా రోజుకు నాలుగైదుసార్లు నడవండి.

బెల్టు పని చేసేటప్పుడు కాసేపు పర్వాలేదు, రోజంతా వద్దు. బెల్టుంది కదా అని 16 లీటర్ల మందు పంపు వీపుకెత్తుకోవడం, మిర్చి బస్తాలు లేపడం అసలే వద్దు. ఈ సీజన్‌కు ఆ పని ఇంకొకరికి అప్పజెప్పండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఎంఆర్ఐ ఫిల్ములతో పాటు, ఈ రెండు నెలలు మింగిన గోలీల అట్టలు కూడా పట్టుకెళ్లండి.