ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంది, మరి ఫైళ్లెలా పోయాయి?

ప్రశ్న: మాది గుంటూరులో చిన్న అకౌంట్స్ ఆఫీసు. 5 కంప్యూటర్లు, అన్నిట్లోనూ విండోస్ ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంటుంది. మొన్న మా కుర్రాడు మెయిల్‌లో వచ్చిన ‘ఇన్‌వాయిస్’ తెరిచాడు. కాసేపటికి ఆ కంప్యూటర్‌లోవే కాక, మిగతావాటిలో షేర్ చేసిన ఫోల్డర్లలోని ఎక్సెల్ ఫైళ్లు కూడా తెరుచుకోవడం మానేశాయి. డబ్బు కట్టమంటూ నోటు వచ్చింది. ఫైర్‌వాల్ ఎందుకు ఆపలేదు? హార్డ్‌వేర్ ఫైర్‌వాల్ (నెట్ లైన్ లోపలికొచ్చే చోట పెట్టే విడి పెట్టె) కొనమంటున్నారు, కొనాలా?

జవాబు: ముందు నెట్ కేబుళ్లు పీకేయండి, వైఫై ఆపండి. డబ్బు కట్టొద్దు, ఫార్మాట్ కూడా చేయొద్దు. లాక్ అయిన ఫైళ్లను ఓ డిస్క్‌లో దాచుకోండి. యూరోపోల్, డచ్ పోలీసులు 2016లో కలిసి మొదలుపెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ సైట్‌లో కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ఇలాంటి వైరస్‌కు) విరుగుడు ఉచితంగా దొరుకుతుంది. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదూ ఇవ్వండి.

మీ ఫైర్‌వాల్ చెడిపోలేదు. బయటి నుంచి పిలవకుండా వచ్చే కనెక్షన్లను ఆపడం దాని పని. లోపలి నుంచి బయటికి వెళ్లేవాటిని, వాటికొచ్చే జవాబులను విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా వదిలేస్తుంది. ఆ మెయిల్‌ను అడిగి తెప్పించుకున్నది మీ కంప్యూటరే. మీరే ఫోన్ చేసి రమ్మన్న మనిషిని వాచ్‌మన్ ఎందుకు ఆపుతాడు? షేర్ ఫోల్డర్లంటారా, వాటికి దారి ఆఫీసు పని కోసం మీరు ముందే తెరిచి ఉంచారు.

అలాగని ఫైర్‌వాల్ దండగ అనుకోకండి. 2003లో బ్లాస్టర్ అనే వార్మ్ (తనంతట తానే పాకే వైరస్) ఎవరూ ఏదీ క్లిక్ చేయకుండానే, నెట్‌కు తగిలించిన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లలోకి 135వ పోర్టు (కనెక్షన్లు వచ్చిపోయే నంబరు ద్వారం) గుండా దూరింది. మైక్రోసాఫ్ట్ 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్‌ను తానే ఆన్ చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది 445వ పోర్టు గుండా పాకేది. నెట్ వైపు ఆ పోర్టు మూసి ఉంచినవాళ్లకు ఆ దారి తప్పింది. కానీ లోపల ఒక్క మెషీన్‌కు అంటుకుంటే పక్కదానికి పాకడం గేటు దగ్గరున్న ఫైర్‌వాల్‌కు కనపడదు, ఆ ట్రాఫిక్ గేటు దాకా రాదు కదా! దాన్ని అడ్డుకునే అప్‌డేట్ మాత్రం అదే ఏడాది మార్చిలోనే వచ్చింది, చాలామంది వేసుకోలేదు.

కొనాలా అంటే, నేనైతే ఇప్పుడే వద్దంటాను. ఆ పెట్టెకు రూల్స్ రాసి, లాగ్స్ చూసి, ఏటా లైసెన్స్ రెన్యువల్ చేయించే మనిషి మీకున్నాడా? లేకపోతే అది లైట్లు మినుకుమినుకుమనే అలంకారం. ఆ డబ్బులో కొంత పెట్టి రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనండి. మార్చి మార్చి బ్యాకప్ తీయండి, ఒకటి ఎప్పుడూ ఊడదీసి బీరువాలో ఉండాలి. ఇంటి నుంచి పనికోసమని రూటర్‌లో ఎవరైనా 3389వ పోర్టు (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే రిమోట్ డెస్క్‌టాప్ వాడేది) తెరిచారేమో చూసి, తెరిచి ఉంటే ఈ రోజే మూయించండి.

ప్రశ్న: ఆండ్రాయిడ్ ఫోన్‌కు ఫైర్‌వాల్ యాప్ అవసరమా?

జవాబు: చాలామందికి అక్కర్లేదు. ఏ యాప్ నెట్ వాడుతోందో చూసి ఆపాలనుకుంటే వేసుకోవచ్చు. రూట్ చేయని (సిస్టమ్‌పై పూర్తి అధికారం తీసుకోని) ఫోన్‌లో ఇవి వీపీఎన్ (నెట్ ట్రాఫిక్‌ను వేరే దారిలో పంపే ఏర్పాటు) స్థానాన్ని ఆక్రమిస్తాయి, కాబట్టి అదే సమయంలో ఆఫీసు వీపీఎన్ నడవదు.