144 క్రెడిట్లు వచ్చాయి, రెండు చిన్న పేపర్లు ఆగిపోయాయి, డిగ్రీ ఇస్తారా?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఉస్మానియా కింద దిల్‌సుఖ్‌నగర్ వైపు కాలేజీలో బీకామ్ కంప్యూటర్స్, 2022లో చేరావు, ఆరు సెమిస్టర్లు రాసేశావు, మెయిన్ సబ్జెక్టులన్నీ క్లియర్, ఫస్ట్ సెమ్ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఒకటి, సెకండ్ సెమ్ సెకండ్ లాంగ్వేజ్ ఒకటి ఉండిపోయాయి, లెక్కేస్తే 144 క్రెడిట్లు (క్లాసు గంటల్ని బట్టి ఒక్కో పేపర్‌కి పెట్టే పాయింట్లు) వచ్చాయి, మూడేళ్ళ డిగ్రీకి యూజీసీ (యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) 120 చాలంటోంది కదా ఇంక సర్టిఫికెట్ ఇవ్వరా అని. ఇవ్వరు. ఆ రెండు పేపర్లు పాసయ్యేదాకా ప్రొవిజనల్ (అసలు పట్టా వచ్చేలోపు ఇచ్చే తాత్కాలిక సర్టిఫికెట్) రాదు. ఎందుకో కాస్త వివరంగానే చెప్తా, ఎందుకంటే నేను సిటీలోనే ఒక అఫిలియేటెడ్ డిగ్రీ కాలేజీలో ఎగ్జామినేషన్ సెక్షన్‌లో పనిచేస్తా, ఫైనలియర్ రిజల్ట్స్ వచ్చాక మా కౌంటర్ దగ్గర ప్రతి సంవత్సరం ఇదే ప్రశ్న, పిల్లలు ఒక్కరే కాదు అమ్మానాన్నల్ని కూడా తీసుకొచ్చి మరీ అడుగుతారు.

ముందు ఆ 120 సంగతి. యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్‌లో మూడేళ్ళ డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ళ ఆనర్స్‌కి కనీసం 160 అని ఉన్న మాట నిజమే. అందులో కనీసం అన్న మాటే ముఖ్యం. దేశంలో ఏ యూనివర్సిటీ అయినా అంతకంటే తక్కువ పెట్టొద్దని చెప్పేది అది, అంతే గానీ నీకు 120 రాగానే డిగ్రీ చేతిలో పెట్టమని కాదు. ఎంత కావాలో, ఏ పేపర్లకి కావాలో నీ యూనివర్సిటీ నీ కోర్సుకి రాసుకుంటుంది. నువ్వు చేరినప్పుడు నడిచేది 2019-20లో మార్చిన సీబీసీఎస్ (క్రెడిట్ల లెక్కన నడిచే సెమిస్టర్ పద్ధతి) స్కీమ్, అందులో సెమిస్టర్‌కి 25 చొప్పున ఆరు సెమిస్టర్లకి 150. నీ లెక్క కరెక్టే, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ 2, లాంగ్వేజ్ 4, ఈ ఆరూ పోతే 144. కానీ 150కి ఆరు తక్కువ అనే కోణంలో చూడకు, అలా చూస్తే ఇంకో దాంట్లో ఎక్స్‌ట్రా క్రెడిట్లు తెచ్చుకుంటే సరిపోతుందేమో అనిపిస్తుంది. నిజంగా ఒకబ్బాయి అడిగాడు, ఆన్‌లైన్ కోర్సు ఏదో చేసి ఆరు క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్‌లో (విద్యార్థి క్రెడిట్లు జమచేసే ఆన్‌లైన్ అకౌంట్) వేయిస్తా మేడం అని. ఆ అకౌంట్‌లో క్రెడిట్లు కనిపించడం వేరు, నీ కోర్సు స్ట్రక్చర్‌లో ఆ గడి నిండడం వేరు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ గడి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పాసైతేనే నిండుతుంది, నీకు ట్యాక్స్‌లో, కాస్టింగ్‌లో ఎన్ని మార్కులొచ్చినా దీనికి పనికిరావు.

స్ట్రక్చర్ అంటున్నా కదా, అదొక్కసారి చూసుంటే సగం డౌట్లు అక్కడే పోతాయి. మూడు మెయిన్ సబ్జెక్టులు, వాటిని డీఎస్‌సీ అంటారు, ఒక్కోటి ఐదు క్రెడిట్లు. ఆఖర్లో డీఎస్‌ఈలు, అంటే మెయిన్ సబ్జెక్టుల్లోనే ఎంచుకునే పేపర్లు, వస్తాయి. ఇంగ్లిష్, సెకండ్ లాంగ్వేజ్ ఆరు సెమిస్టర్లూ ఉంటాయి. ఫస్టియర్‌లో ఏఈసీసీ (అందరూ రాయాల్సిన పేపర్లు) కింద ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, బేసిక్ కంప్యూటర్ స్కిల్స్, రెండేసి క్రెడిట్లు. సెకండియర్‌లో ఎస్‌ఈసీలు (స్కిల్ పేపర్లు), అవీ రెండేసి. ఐదో సెమ్‌లో జనరిక్ ఎలక్టివ్ (వేరే సబ్జెక్టుల్లోంచి ఎంచుకునే పేపర్), ఆరులో ప్రాజెక్టు గానీ దాని బదులు పెట్టిన పేపర్ గానీ. క్రెడిట్ అంటే క్లాసు గంటల కొలత, యూజీసీ లెక్క ప్రకారం థియరీకి ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్ మొత్తం మీద 15 గంటలు, ప్రాక్టికల్ అయితే 30. అందుకే రెండు క్రెడిట్ల పేపర్‌కి వారంలో రెండే క్లాసులు పడతాయి, టైంటేబుల్‌లో ఎక్కడో చివర్లో ఉంటుంది, లెక్చరర్ కూడా వేరే డిపార్ట్‌మెంట్ నుంచి వస్తారు, దాంతో పిల్లలు దాన్ని లెక్కలోకే తీసుకోరు. మా దగ్గర ఆగిపోయిన సర్టిఫికెట్లలో నేను ఎక్కువగా చూసేది అకౌంట్స్ ఫెయిలైనవాళ్ళని కాదు, ఇలాంటి రెండు క్రెడిట్ల పేపర్లు, లాంగ్వేజ్ పేపర్లు మిగిలిపోయినవాళ్ళనే.

ఇంకోటి, రిజల్ట్ పేజీలో కనిపించే మాట గురించి కచ్చితంగా చెప్పాలి. ఉస్మానియా రిజల్ట్‌లో అన్నీ పాసైతే పాస్డ్ అని పక్కన ఎస్‌జీపీఏ (ఆ సెమిస్టర్ గ్రేడ్ల సగటు) వస్తుంది. ఒక్క పేపర్ పోయినా ఫెయిల్ అని రాయరు, ప్రమోటెడ్ అని వస్తుంది, ఎస్‌జీపీఏ ఉండాల్సిన చోట గీతలుంటాయి, పైన ఆ పేపర్ ఎదురుగా ఎఫ్ గ్రేడో, రాయకపోతే ఏబీ అనో ఉంటుంది. ఈ ప్రమోటెడ్ చూసి ఇంట్లో పాసయ్యా అని చెప్పుకుని స్వీట్లు కూడా పంచేస్తారు. దానర్థం తర్వాతి సెమిస్టర్‌కి పంపుతున్నాం అనే, పాత బాకీ కొట్టేశాం అని కాదు.

పోయినేడు ఒకమ్మాయి వచ్చింది, బాగా చదివే పిల్ల, ఐసెట్‌లో (ఎంబీఏ ఎంట్రెన్స్) మంచి ర్యాంకు, ఎంబీఏకి కౌన్సెలింగ్ ఇంకో వారంలో ఉంది. ఫైనలియర్‌లో ఉండగానే ఐసెట్ రాయొచ్చు కాబట్టి రాసింది, ర్యాంకు కార్డు వచ్చింది, సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి డిగ్రీ మెమోలు, ప్రొవిజనల్ కావాలని అప్పుడు మా దగ్గరికొచ్చింది. ఆరు మెమోలూ కౌంటర్ మీద వరసగా పేర్చి నేను పెన్సిల్‌తో చివరి సెమ్ నుంచి వెనక్కి ఒక్కో సెమ్ క్రెడిట్లు పక్కన రాసుకుంటూ పోతున్నా, 25, 25, 25... మొదటి సెమ్ దగ్గర 23 వచ్చింది. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, ఏబీ. ఆ రోజు జ్వరమొచ్చి రాయలేదంట, తర్వాత బ్యాక్‌లాగ్ ఫీజు కట్టాలని ఎవరూ గుర్తుచేయలేదు, మిగతా ఐదు సెమిస్టర్లూ ఎస్‌జీపీఏతో పాస్డ్ అని వచ్చేసరికి అందరూ అయిపోయిందనే అనుకున్నారు. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు, ఆయన నన్నే చూస్తూ, రెండు క్రెడిట్లేనా అమ్మా ఏమన్నా జేస్తే కాదా అనడిగాడు. కాదండీ అని చెప్పడానికి నోరు రాలేదు, కానీ చెప్పాలి. ఆ సంవత్సరం సీటు పోయింది. తర్వాత బ్యాక్‌లాగ్ రాసి మంచి గ్రేడుతోనే పాసైంది, ఈసారి మళ్ళీ ఐసెట్ రాసింది. ఐసెట్ వెబ్‌సైట్‌లో డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ ఉంటే 45 అని మాత్రమే పెద్దగా కనిపిస్తుంది, పిల్లలు ఆ శాతం వరకే చూసుకుంటారు. డిగ్రీ పూర్తి కాకుండా శాతం ఎంతుండీ లాభం లేదు. నువ్వు కూడా ఎంబీఏ అని రాశావు కాబట్టే ఇంత వివరంగా చెప్తున్నా.

సీనియర్లని అడిగి తెలుసుకుంటున్నా అన్నావు, అక్కడ జాగ్రత్త. నీకు వర్తించేది నువ్వు చేరిన సంవత్సరం రూల్స్. 2016లో సీబీసీఎస్ పెట్టారు, 2019లో మార్చారు, 2025-26లో చేరినవాళ్ళకి మళ్ళీ మారింది. నేను చదివినప్పుడైతే ఇయర్లీ సిస్టమ్, పార్ట్ వన్ లాంగ్వేజ్‌లు, పార్ట్ టూ ఆప్షనల్స్, డివిజన్ పార్ట్ టూ మార్కుల మీద ఇచ్చేవాళ్ళు, మా బ్యాచ్ వాళ్ళ మాట నీకు ఏ రకంగానూ పనికిరాదు. మీ అన్నయ్య బ్యాచ్ కూడా అంతే. అలాగే వేరే యూనివర్సిటీ ఫ్రెండ్ మాట కూడా.

మీ చెల్లి జేఎన్‌టీయూ కింద బీటెక్ అన్నావు, ఆమెది పూర్తిగా వేరే లెక్క. ఆర్22 రెగ్యులేషన్ (2022 నుంచి పెట్టిన రూల్స్) అయితే 160 క్రెడిట్లు, ఈసెట్ (డిప్లొమా వాళ్ళ ఎంట్రెన్స్) రాసి నేరుగా సెకండియర్‌లో చేరినవాళ్ళకి 120. ఇంటర్నల్ 40, ఎక్స్‌టర్నల్ 60, ఒక్కోదాంట్లో 35 శాతం అంటే 14, 21 రావాలి, కానీ ఆ రెండూ కలిపితే 35 మాత్రమే, మొత్తం 40 కావాలి కాబట్టి రెండింట్లో బోర్డర్ మీద ఉంటే ఫెయిలే. ఫస్టియర్‌లో 40 క్రెడిట్లకి 20 రాకపోతే సెకండియర్‌కి పంపరు, డిటెండ్. అక్కడ ఇంకో చిక్కుంది, అమ్మాయికి ఇప్పుడే చెప్పు, కాన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇండియా, జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్ లాంటి మాండేటరీ కోర్సులకి సున్నా క్రెడిట్లు. సున్నా కదా అని వదిలేస్తారు, కానీ పాసవకపోతే 160 నిండుగా ఉన్నా డిగ్రీ రాదు. హాజరు 75 శాతం, ఆరోగ్యం బాగాలేకపోతే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి ఫీజు కట్టి 65 వరకు కండోన్ (మాఫీ) చేయించుకోవచ్చు, అంతకంటే కిందికి పోతే ఎవరూ ఏం చేయలేరు. చేరిన నాటి నుంచి ఎనిమిదేళ్ళలో పూర్తిచేయాలి. పర్సెంటేజ్ అడిగేచోట సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల గ్రేడ్ల సగటు) లోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి, 7.5 అంటే 70 శాతం, చాలామంది 75 అని రాసేస్తారు, తర్వాత కంపెనీ వెరిఫికేషన్‌లో తేడా వస్తుంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఆరు సెమిస్టర్ల మెమోలు తీసుకో, నెట్‌లో ప్రింట్ కాదు అసలు మెమోలు. మీ బ్యాచ్ సిలబస్ పుస్తకంలో మొదటి పేజీల్లో స్కీమ్ టేబుల్ ఉంటుంది, కాలేజీ ఆఫీసులో అడుగు, లేదంటే యూనివర్సిటీ సైట్‌లో దొరుకుతుంది. ఒక్కో పేపర్ పేరు చూసి టిక్ పెట్టుకుంటూ పో. పేపర్ కోడ్ కూడా చూడు, సెకండ్ లాంగ్వేజ్ మధ్యలో మార్చుకున్నావా లేదా అన్నది నువ్వు రాయలేదు, మార్చుకునుంటే అది కచ్చితంగా ఆఫీసులో కన్ఫర్మ్ చేసుకో. ఆ తర్వాత బ్యాక్‌లాగ్ ఫీజు నోటిఫికేషన్ కోసం రోజూ చూస్తుండు, వాట్సాప్ గ్రూపు మీద ఆధారపడకు, ఫైనలియర్ అయిపోయాక ఆ గ్రూపుల్లో ఎవరూ ఏమీ పెట్టరు. నోటిఫికేషన్‌లో ఏయే సెమిస్టర్ల బ్యాక్‌లాగ్‌లు పెడుతున్నారో చదివి, నీవి ఒకటో సెమ్, రెండో సెమ్ పేపర్లు కాబట్టి రెండింటికీ కట్టావో లేదో రసీదులో చూసుకో. ఒక సెమిస్టర్‌కే కట్టి హాల్‌టికెట్ వచ్చాక ఇంకోటి లేదని పరిగెత్తుకొచ్చినవాళ్ళని చూశా, అప్పటికి డేటు దాటిపోతుంది. ఎప్పుడో ఒకసారి పాత బ్యాచ్‌లకి వన్ టైమ్ ఛాన్స్ ఇస్తుంటారు, దాన్ని నమ్ముకుని వాయిదా వేయొద్దు, అది ఎప్పుడిస్తారో ఎవరి చేతిలోనూ ఉండదు.

మెమోలు చూసేటప్పుడే పదో తరగతి మెమో కూడా పక్కన పెట్టుకుని నీ పేరు, నాన్న పేరు అక్షరం అక్షరం కలుస్తున్నాయో లేదో చూడు. ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, ఇంకోదాంట్లో ఇనీషియల్‌గా ఉంటే ఇప్పుడే కరెక్షన్‌కి పెట్టు, కన్సాలిడేటెడ్ మెమో (అన్ని సెమిస్టర్లవీ కలిపి ఇచ్చేది) ప్రింటైపోయాక ఆ తిరుగుడు చాలా ఎక్కువ.

ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌కి భయపడాల్సింది ఏమీ లేదు, పాత ప్రశ్నపత్రాలు నాలుగైదు తిరగేస్తే అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి, మీ కాలేజీ లైబ్రరీలో బైండ్ చేసి పెట్టుంటారు. లాంగ్వేజ్ హిందీయా, తెలుగా, సంస్కృతమా రాయలేదు నువ్వు, అది రాస్తే మా దగ్గర చెప్పే మేడంని అడిగి ఏ పాఠాలు ముందు చూసుకోవాలో ఇక్కడే రాస్తా.