గోడ ఆరేదాకా పెయింటర్‌ని పిలవకండి

ప్రశ్న: వారం క్రితం మేం నాలుగు రోజులు ఇంట్లో లేము. తిరిగొచ్చేసరికి బాత్రూమ్ గోడలో పైపు పగిలి రెండు గదుల్లో నీళ్లు నిలిచాయి. నీళ్లు తోడేశాం కానీ, ఇప్పుడు గోడల అడుగున నల్లటి మచ్చలు, వార్డ్‌రోబ్ వెనక బూజు, ఇల్లంతా ముక్కిన వాసన. కాంట్రాక్టర్ ఇచ్చిన అంచనా మా నాలుగు నెలల ఇంటి ఖర్చంత. అందులో ఒక నెల ఖర్చంత పైపు రిపేరు, పాడైనవి తీసేయడం, ఆరబెట్టడానికి. ఒకటిన్నర నెలలది ప్లాస్టరింగ్, రంగులకు. మిగతా ఒకటిన్నర కొత్త వార్డ్‌రోబ్‌లకు. వారంలో అన్నీ పూర్తి చేస్తానంటున్నాడు. మా ఎమర్జెన్సీ ఫండ్‌లో ఐదు నెలల ఖర్చుకు సరిపడా ఉంది. మావారు దాన్ని ముట్టుకోవద్దు, క్రెడిట్ కార్డు మీద కానిద్దామంటున్నారు. నేనేమో పాప చదువు కోసం నెలనెలా దాచేది కొన్నాళ్లు ఆపుదామంటున్నాను. పాపకు ఆస్తమా ఉంది, ఆ టెన్షన్ వేరే. ఇంటికి బీమా ఉంది, బూజుకు వర్తిస్తుందో లేదో తెలియదు. ఏం చేయమంటారు?

జవాబు: డబ్బు ఎక్కడి నుంచి తేవాలా అని మీరిద్దరూ వాదించుకుంటున్నారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో ‘వారంలో పూర్తి’ అన్న మాట దగ్గరే చూపు ఆగిపోయింది. నాలుగు రోజులు నీళ్లు తాగిన గోడకు వారంలో ప్లాస్టరింగ్, పుట్టీ, రంగు అన్నీ అయిపోతాయంటే, తడిని లోపలే ఉంచి పైన మూత పెడతారన్నమాట.

ఈ మాట నా సొంత గోడ నేర్పింది. ఒకసారి పైకప్పు నుంచి నీళ్లు కారి మా ముందు గది గోడ నెమ్మెక్కింది. బంధువులు వస్తున్నారని తొందరపడి నేనే రంగు వేయించాను. రెండు నెలలు తిరక్కుండా అది పొక్కులా ఉబ్బింది. గోరుతో గీకితే పుట్టీతో సహా అరచేయంత పెచ్చు ఊడొచ్చింది. తిప్పి చూస్తే వెనకంతా నల్లటి చుక్కలు. పెట్టిన ఖర్చే మళ్లీ పెట్టాల్సి వచ్చింది. అందరికీ లెక్కలు చెప్పేవాణ్ని, నా ఇంట్లో ఆ లెక్క చూసుకోలేదు.

అందుకని మీ అంచనాను రెండుగా చీల్చండి. పైపు, పాడైనవి తీసేయడం, ఆరబెట్టడం, అంటే ఆ ఒక నెల ఖర్చంత డబ్బు, ఇప్పుడే పెట్టాలి. బేరాల కోసం నాలుగు రోజులు తిరగొద్దు. మిగతా మూడు నెలల ఖర్చంత డబ్బుకు తొందరేమీ లేదు. గోడ ఆరాక చూద్దాం.

మొదటి భాగానికి ఎందుకంత తొందరంటే, తడిసిన వస్తువు మీద 24 నుంచి 48 గంటల్లోనే బూజు మొదలవుతుంది. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. కాబట్టి వట్టి ఆరబెట్టడం సరిపోదు, బూజు పట్టిన సరుకును బయటికి పంపడం కూడా ఈ ఖర్చులోనే ఉంది. ఇక్కడే చాలామంది పొదుపు పేరుతో నష్టపోతారు. టైల్స్, గాజు, లోహం లాంటి గట్టి వస్తువుల్ని సబ్బునీళ్లతో రుద్ది కడిగి ఆరబెడితే చాలు. జిప్సం బోర్డు, పరుపు, తివాచీ, ఉబ్బిన పార్టికల్ బోర్డు అలా కాదు. బూజు వాటి లోపలికి దిగుతుంది, పైన తుడిస్తే పోదు. కొన్న ధర గుర్తొచ్చి వాటిని ఉంచేసుకుంటే అవి పక్కవాటికీ అంటిస్తాయి. మందు కొడితే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది, పైగా తడి అలాగే ఉంటే కొత్తది పుడుతుంది.

మచ్చలన్నీ కలిపి మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లోపే ఉంటే మామూలుగా ఇంట్లోవాళ్లే శుభ్రం చేసుకోవచ్చు. మీకు రెండు గదులు, పైగా ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్ల. మీరు చెయ్యి పెట్టకండి, పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. పని జరిగే రోజుల్లో పాపను వేరే ఇంట్లో పడుకోబెట్టండి. చిన్న చిన్న మచ్చలు మీరే తుడవాల్సి వస్తే ఎన్95 మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. బ్లీచింగ్‌ను అమోనియా ఉన్న క్లీనర్‌తో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. ‘ఏ రకం బూజో టెస్టు చేయిద్దాం’ అని ఎవరైనా అంటే ఆ డబ్బు మిగుల్చుకోండి. కంటికి కనబడుతున్నదాని పేరు ఏదైనా చేసే పని ఒకటే.

ఇక ఆరబెట్టడం. ఉక్కపోత వాతావరణంలో అందరం చేసే పొరపాటు ఒకటుంది, కిటికీలన్నీ బార్లా తెరిచి ఫ్యాన్లు వేసేయడం. బయటి గాలిలో లోపలికంటే ఎక్కువ తేమ ఉన్నప్పుడు కిటికీ తెరిస్తే ఆ తేమే ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. బూజు కనబడుతున్న చోట ఫ్యాన్ వేస్తే దాని బీజాలు ఇల్లంతా చేరతాయి. తలుపులు మూసి డీహ్యూమిడిఫయర్ నడపండి, అంటే గాలిలోని తేమను లాగి నీళ్లుగా తొట్టిలోకి పట్టే యంత్రం. అద్దెకు దొరికితే అద్దెకు తెచ్చుకోండి. ఏడాదిలో చాలా నెలలు ఉక్కగానే ఉండే చోటైతే కొనడం దండగేం కాదు, నేను మామూలుగా వస్తువులు కొనమని చెప్పేవాణ్ని కాకపోయినా. దానితోపాటు గాలిలో తేమ చూపించే చిన్న మీటరు ఒకటి కొనండి. ఇంట్లో తేమ 60 శాతం దాటకూడదు, 30 నుంచి 50 మధ్య ఉంటే మేలు.

రోజూ ఒకే వేళకు ఆ యంత్రం తొట్టి ఖాళీ చేసి, ఎన్ని లీటర్లు వచ్చాయో క్యాలెండర్ మీద రాసుకోండి. మొదట్లో తొట్టి నిండిపోతూ ఉంటుంది, పోనుపోను తగ్గుతుంది. తగ్గిందని వెంటనే పెయింటర్‌కు ఫోన్ చేయొద్దు. ఒక మూరెడు పారదర్శక ప్లాస్టిక్ షీటును గోడ అడుగున నాలుగువైపులా గట్టిగా టేపు వేసి అతికించండి. ఒక రోజు తర్వాత చూడండి. లోపలివైపు నీటిచుక్కలు పట్టినా, దాని కింద గోడ రంగు ముదిరినా ఇంకా ఆరలేదనే. మందపాటి గోడకు ఇది వారాల పని.

బీమా సంగతి. సాధారణంగా ఇంటి పాలసీలు హఠాత్తుగా జరిగిన నష్టానికి డబ్బిస్తాయి, నెలల తరబడి మెల్లగా కారిన లీకేజీకి ఇవ్వవు. పైపు పగలడం మొదటి కోవలోకే వస్తుంది. బూజు విషయంలో కొన్ని పాలసీలు పూర్తిగా కాదంటాయి, కొన్ని చిన్న పరిమితి పెడతాయి. అందుకని పాలసీ కాగితంలో బూజు, మినహాయింపులు, మీరు భరించాల్సిన తొలి మొత్తం ఎక్కడున్నాయో మీరే చదవండి, ఏజెంటు నోటిమాట మీద ఉండకండి. వారం గడిచిపోయింది, ఈ రోజే రాతపూర్వకంగా తెలియజేయండి. క్లెయిమ్‌లో పైపు పగలడంతో మొదలుపెట్టి, నీటి నష్టం, దానివల్ల వచ్చిన బూజు అని ఉన్నది ఉన్నట్టు, తేదీలతో రాయండి.

నష్టం చూడటానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ వచ్చేదాకా ఏదీ కదపకూడదేమో అని ఆరబెట్టడం ఆపొద్దు. నష్టం పెరగకుండా చూసుకోవడం మామూలుగా పాలసీదారు బాధ్యతే, ఆ పని చేయకపోతే అదే వంకగా క్లెయిమ్‌లో కోత పెట్టొచ్చు. పారేసే ప్రతి వస్తువుకూ ముందు ఫొటో తీయండి, తివాచీ, బోర్డుల నుంచి చిన్న ముక్క కోసి కవర్లో కట్టి ఇంటి బయట ఉంచండి. పగిలిన పైపు ముక్కను ప్లంబర్ పట్టుకుపోకుండా అడిగి తీసుకోండి. యంత్రం అద్దె రసీదు కూడా అదే ఫైల్లో పెట్టండి.

ఇప్పుడు మీ వాదనకు వస్తాను. మీవారు ఫండ్ ముట్టుకోవద్దంటున్నారని రాశారు. ఎమర్జెన్సీ ఫండ్ దాచింది ఇలాంటి రోజుకే కదండీ! కార్డు బాకీ మీద నెలకు 3 శాతం వడ్డీ చిన్నదిగానే అనిపిస్తుంది, చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 42 శాతం దాటుతుంది. చేతిలో డబ్బుంచుకుని ఆ వడ్డీ కట్టడంలో అర్థం లేదు. ఆ ఒక నెల ఖర్చు ఫండ్ నుంచే తీయండి, ఇంకా నాలుగు నెలలది ఉంటుంది. గోడ ఆరేలోపు బీమావాళ్ల జవాబు వస్తే మంచిదే. రాకపోయినా, కాదన్నా, ప్లాస్టరింగ్, రంగులకు ఇంకో ఒకటిన్నర తీయొచ్చు. అప్పటికీ రెండున్నర నెలలది మిగులుతుంది. పాప ఆరోగ్యం దృష్ట్యా అంతకంటే కిందికి దిగనివ్వను. వార్డ్‌రోబ్‌లు ఫండ్ మళ్లీ నిండాకే. అప్పటిదాకా బట్టలు ఇనుప ర్యాకుల్లో, గోడకు జానెడు ఎడంగా పెట్టుకోండి.

పాప చదువు పొదుపు ఆపాల్సిన పనే కనబడటం లేదు. ఒకవేళ ఆస్పత్రి ఖర్చు వచ్చిపడితే రెండు నెలలు ఆపండి, తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలో తేదీ మాత్రం అదే రోజు రాసిపెట్టుకోండి.

కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడు మొత్తం పనికి ఒకే అడ్వాన్స్ ఇవ్వకండి. తీసేసే పనికి వేరే బిల్లు, రంగులకు వేరే బిల్లు అడగండి. రెండోదానికి పైసా ఇచ్చేముందు ఆ ప్లాస్టిక్ షీటు పరీక్ష ఆయన ఎదుటే చేయించండి. వప్పుకోకపోతే మొదటి పని వరకే ఇచ్చి పంపించేయండి. గోడ మూసేముందు ప్లంబర్ చేత కొత్త పైపుకు ప్రెషర్ టెస్ట్ (ఒత్తిడి పెట్టి లీకు ఉందేమో చూడటం) చేయించి, రసీదు మీద తేదీ, ఎంతసేపు ప్రెషర్ నిలిచిందో రాయించుకుని పాలసీ కాగితాలతో కలిపి పెట్టండి.