స్టోన్‌గేట్‌లో ద్వారం ఏది?

సందేహం: ఇంగ్లండ్‌లోని యార్క్ నగరం గురించి చదివిన ఒక యాత్రారచనలో స్టోన్‌గేట్‌ను 'రాతి ద్వారం' అనీ, కాపర్‌గేట్‌ను 'రాగి ద్వారం' అనీ తెనిగించారు. యార్క్ అంటే 'అడవిపందుల ఊరు' అనీ అందులో ఉంది. అక్కడికి వెళ్ళివచ్చిన మా అమ్మాయి ఆ రెండుచోట్లా ద్వారాలేవీ లేవంటోంది. ఈ అనువాదాలు సరైనవేనా?

సమాధానం: మీ అమ్మాయి చెప్పిందే నిజం. ఆ రచయిత నిఘంటువు చూశారు గానీ ఊరి చరిత్ర చూడలేదు. 866లో స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగులు యార్క్‌ను పట్టుకున్నారు. మధ్యమధ్య చేతులు మారినా 954 దాకా అక్కడ వాళ్ళ ఏలుబడి సాగింది. వాళ్ళ భాషలో 'గాటా' అంటే వీధి. అదే ఈనాటికీ ఆ ఊరి వీధుల పేర్ల చివర 'గేట్' రూపంలో నిలిచి ఉంది. ద్వారం అనే అర్థమున్న ఇంగ్లిషు 'గేట్'కూ దీనికీ పోలికే తప్ప చుట్టరికం లేదు. స్టోన్‌గేట్ అంటే రాళ్ళు పరిచిన వీధి. రోమనుల కోటలోని ఒక ప్రధాన మార్గం మీదుగానే అది సాగుతుంది.

కాపర్‌గేట్ దగ్గర తప్పు రెండింతలైంది. అక్కడ ద్వారమూ లేదు, రాగీ లేదు. ఆ 'కాపర్' కప్పులూ గిన్నెలూ చేసే పనివాళ్ళను చెప్పే మాట. 1976–81 మధ్య ఆ వీధిలో తవ్వకాలు జరిపితే తరిమెన (లేత్) పట్టిన కొయ్య గిన్నెలతో పాటు, గిన్నె లోపలి భాగాన్ని తొలిచాక మిగిలే కొయ్య ముక్కలు కూడా పెద్ద సంఖ్యలో బయటపడ్డాయి. ఒక వీధి పేరుకు మట్టిలోంచి ఇంత చక్కని సాక్ష్యం దొరకడం అరుదు.

మరి కోటగోడకు ఉన్న అసలు ద్వారాలను ఏమంటారు? 'బార్' అంటారు! మంక్ బార్, బూతమ్ బార్, మికిల్‌గేట్ బార్. మికిల్‌గేట్ అంటే పెద్ద వీధి కనుక చివరిది 'పెద్ద వీధి ద్వారం' అవుతుంది. మీరు చదివిన పుస్తకంలో ఈ బార్లను ఎలా తెలుగు చేశారో అడగాలంటే నాకు భయంగా ఉంది.

ఊరి పేరు సంగతి మరీ చిత్రం. సుమారు క్రీ.శ. 71లో రోమన్ల తొమ్మిదో లీజియన్ (సేనాదళం) ఇక్కడ కోట కట్టింది. అంతకుముందు నుంచీ అక్కడున్న కెల్టుల భాషలో ఆ చోటుకున్న పేరునే లాటిన్ వేషం వేసి 'ఎబొరాకమ్' అన్నారు. యూ అనే, విల్లులకు పనికివచ్చే చెట్లున్న చోటు అని దానికి ఎక్కువమంది పండితులు చెప్పే అర్థం. తరువాత వచ్చిన ఆంగ్లో-సాక్సన్లకు ఆ మాట కొరుకుడు పడలేదు. తమ భాషలో అడవిపందిని చెప్పే 'ఎయోఫర్' చెవికి దగ్గరగా తోచింది. దానికి ఊరు అనే అర్థమున్న 'విక్' తగిలించి 'ఎయోఫర్‌విక్' చేశారు. దీన్ని జననిరుక్తి అంటాం. హైదరాబాదులో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని మొస్యూ రేమన్ పేరు మూసారాంబాగ్‌గా స్థిరపడింది కూడా ఈ తీరులోనే. మూసా, రాం మనకు తెలుసు; మొస్యూ ఎవరికి తెలుసు? కనుక అడవిపంది యార్క్ పేరులోకి వచ్చిన మాట నిజమే. వచ్చింది నడుమ, మొదట కాదు.

వైకింగుల నోట ఆ పేరు 'యోర్విక్' అయింది. అది నలిగి నలిగి 13వ శతాబ్దం నాటికి యార్క్‌గా తేలింది. పాత లాటిన్ పేరు పూర్తిగా పోలేదు. అక్కడి ఆర్చిబిషప్పు నేటికీ సంతకంలో తన పేరు పక్కన 'ఎబోర్' అని రాస్తారు.

ఇక ఎలా రాయాలంటారా, ఊళ్ళ పేర్లనూ వీధుల పేర్లనూ అనువదించవద్దు. న్యూయార్క్‌ను 'కొత్త యూ వనం' అని ఎవరైనా రాస్తారా? అర్థం చెప్పి తీరాలనిపిస్తే కాపర్‌గేట్ అని రాసి, గిన్నెలు చేసేవాళ్ళ వీధి అని పక్కన వివరిస్తే చాలు. 'స్టోన్‌గేట్ వీధి' అంటే పునరుక్తి దోషమని కొందరు పట్టుకోవచ్చు. వ్యుత్పత్తి ప్రకారం దోషమే. అయితే ఆ గేట్‌లో తెలుగు పాఠకుడికి వీధి ఎలాగూ వినిపించదు కనుక నిస్సంకోచంగా రాయండి.