ఒక్క సబ్జెక్ట్ కోసం నాలుగో సెమిస్టరా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ చేసి, 2025 ఆగస్టులో టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్‌లో చేరింది. మొత్తం 30 క్రెడిట్లు, థీసిస్ లేదు. ఇల్లు తాకట్టు పెట్టి 10.5 శాతం వడ్డీకి 40 లక్షల లోన్ తీసుకున్నాం, ఇప్పటికి 12 లక్షలు విడుదలయ్యాయి. సబ్జెక్ట్‌కు సుమారు 3,000 డాలర్ల ఫీజు, ఉండటానికీ తినడానికీ నెలకు 1,000 డాలర్లు అవుతున్నాయి. సెమిస్టర్‌కు మూడు సబ్జెక్టులు చదువుతానని, నాలుగో సెమిస్టర్‌కు ఒక్కటే మిగులుతుందని, 2027 మేలో పూర్తవుతుందని అంటోంది. ఒక్క సబ్జెక్ట్ కోసం ఐదు నెలలు ఉండాలా, సెమిస్టర్‌కు నాలుగేసి చదివెయ్యొచ్చు కదా అంటే "నీకు అర్థం కాదు నాన్నా" అంటోంది. ఏం చేయాలి?
— ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా

జవాబు:

మాస్టారూ, ప్రతి సెమిస్టర్‌లో నాలుగేసి సబ్జెక్టులు అక్కర్లేదు, అలాగని 2027 మే దాకా లాగాల్సిన పనీ లేకపోవచ్చు. సబ్జెక్ట్‌కు 3 క్రెడిట్ల లెక్కన మొదటి సెమిస్టర్‌లో 9 క్రెడిట్లు ఎలాగూ అవుతున్నాయి. జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్‌లో మాత్రం 12, మళ్లీ ఆగస్టులో మొదలయ్యే ఫాల్‌లో 9 తీసుకుంటే 30 పూర్తయిపోతాయి. 2026 డిసెంబర్‌కు డిగ్రీ చేతికొస్తుంది, మధ్యలో సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కు ఖాళీగా మిగులుతుంది. కష్టపడాల్సింది ఒక్క సెమిస్టర్.

ముందు ఈ నాలుగో సెమిస్టర్ ఖరీదెంతో చూద్దాం. ట్యూషన్ ఫీజు క్రెడిట్ లెక్కన ఉంటే ఆ 3,000 డాలర్లు ఎప్పుడు చదివినా కట్టాల్సిందే కాబట్టి దాన్ని పక్కన పెట్టండి. అదనంగా అయ్యేది ఐదు నెలల ఖర్చు 5,000 డాలర్లు, ఆ సెమిస్టర్ ఇన్సూరెన్స్, ఇతర ఫీజులు కలిపి ఓ 1,500 అనుకుందాం. మొత్తం 6,500, డాలర్ 88 రూపాయల లెక్కన 5.72 లక్షలు. అయితే అమ్మాయికి క్యాంపస్‌లో ఉద్యోగం ఉండి, వారానికి 20 గంటలు, గంటకు 12 డాలర్ల చొప్పున వస్తే (క్లాసులు జరిగేటప్పుడు 20 గంటలు దాటకూడదు) వారానికి 240 వస్తాయి, తిండీ అద్దే దాదాపు దాంట్లోనే గడిచిపోతాయి. అప్పుడు అసలు భారం ఒకటిన్నర లక్ష కూడా ఉండదు. అందుకే ఆ ఉద్యోగం ఉందా లేదా అన్నది మీరు ముందు అడగాల్సిన ప్రశ్న. నాలుగేసి చదవమని ఒత్తిడి పెట్టడం తర్వాత సంగతి.

ఇక 12 క్రెడిట్లంటే భయపడాల్సిన పని లేదని ఎందుకంటున్నానంటే, టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో 12వ క్లాస్ రోజు లోపల ఒక సబ్జెక్ట్ వదిలేస్తే, మిగతావి చదువుతున్నంత వరకు దాని ట్యూషన్ వెనక్కి వస్తుంది. అంటే నాలుగు రిజిస్టర్ చేసుకుని, రెండు వారాలు కూర్చుని, సిలబస్, అసైన్‌మెంట్లు, ప్రొఫెసర్ తీరు చూసి, మోయలేననిపిస్తే ఆ గడువులోగా ఒకటి తీసేయొచ్చు. ఇంకా 9 ఉంటాయి, వీసాకు ఇబ్బంది లేదు. అదే 9 మాత్రమే తీసుకుని మధ్యలో ఒకటి వదిలితే 6కు పడిపోతుంది. పీజీ విద్యార్థులకు చాలా యూనివర్సిటీల్లో 9 అంటేనే ఫుల్ టైమ్, ముందుగా డీఎస్ఓ అనుమతి లేకుండా అంతకంటే తగ్గితే ఎఫ్-1 (విద్యార్థి వీసా) స్టేటస్‌కే ముప్పు. డీఎస్ఓ అంటే ఇంటర్నేషనల్ ఆఫీసులో వీళ్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు చూసే అధికారి. గడువు దాటాక వదిలితే మార్కుల జాబితాలో డబ్ల్యూ (మధ్యలో వదిలేసినట్టు గుర్తు) పడుతుంది, డబ్బులూ పోతాయి. తేదీ యూనివర్సిటీ అకడమిక్ క్యాలెండర్‌లోనే ఉంటుంది, ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోమనండి.

ఒకవేళ స్ప్రింగ్‌లో ఆ నాలుగోది వదిలేసినా దారి మూసుకుపోదు. సమ్మర్‌లో ఒక ఆన్‌లైన్ సబ్జెక్ట్ చదివితే మళ్లీ డిసెంబర్‌కే 30 పూర్తవుతాయి. ఫాల్, స్ప్రింగ్‌లలో ఫుల్ టైమ్ లెక్కకు ఒక్క ఆన్‌లైన్ సబ్జెక్ట్ (3 క్రెడిట్లు) మాత్రమే పనికొస్తుంది, సమ్మర్ వాళ్లకు సెలవు కిందే వస్తుంది కాబట్టి ఆ పరిమితి అడ్డు రాదు. ఇంటర్న్‌షిప్ చేస్తూ సాయంత్రాలు చదవడం తేలికేం కాదు గానీ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ (చదువుతుండగానే బయట పనిచేసే అనుమతి) కావాలి, ఒక పూర్తి అకడమిక్ ఇయర్ చదివాకే అది వస్తుంది, మే నాటికి మీ అమ్మాయికి అర్హత ఉంటుంది. చాలాచోట్ల సీపీటీకి ఒక క్రెడిట్ రిజిస్టర్ చేసుకోవాలి, ఆ క్రెడిట్‌కూ ఫీజు ఉంటుంది, అది 30లో కలుస్తుందో లేదో డిపార్ట్‌మెంట్‌ను అడగాలి.

ఇదంతా క్రెడిట్లు నిజంగా 30 అయితేనే. ఈసీఈ నుంచి కంప్యూటర్ సైన్స్‌కు వెళ్లినవాళ్లకు డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ లాంటి లెవెలింగ్ కోర్సులు వేస్తుంటారు, ఫీజు కట్టాలి, చదవాలి, కానీ డిగ్రీ లెక్కలో కలవవు. ఆమె అడ్మిషన్ లెటర్ ఒకసారి తీసి చదవండి. అలాంటివి ఉంటే బీటెక్ సిలబస్ చూపించి మినహాయింపు అడగొచ్చు. ఒక్క సబ్జెక్ట్ తప్పినా 3,000 డాలర్లు, అంటే 2.64 లక్షలు మిగులుతాయి. మనవాళ్లు కన్సల్టెన్సీ చెప్పిన మాట పట్టుకుని అసలు లెటర్ తెరవరు, నాకు కోపం తెప్పించే విషయం ఇదే.

రెండోది, ఏ సబ్జెక్ట్ ఏ సెమిస్టర్‌లో ఇస్తారన్నది. కొన్ని కోర్ సబ్జెక్టులు ఫాల్‌లోనే ఉంటాయి, కొన్నింటికి ముందు ఇంకో సబ్జెక్ట్ పాసై ఉండాలి. క్రెడిట్ల లెక్క సరిపోయినా ఒక్క కోర్ సబ్జెక్ట్ స్ప్రింగ్‌లోనే ఇస్తారంటే మీ 2027 మే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అందుకే 30 క్రెడిట్లకూ సెమిస్టర్ వారీగా డిగ్రీ ప్లాన్ రాసి గ్రాడ్యుయేట్ అడ్వైజర్ చేత ఓకే చేయించుకోవాలి, అదీ స్ప్రింగ్ రిజిస్ట్రేషన్‌లో సీట్లు నిండకముందే. జీపీఏ 3.0 కంటే తక్కువుంటే 30 పూర్తయినా డిగ్రీ రాదు, కాబట్టి కష్టమైనవన్నీ ఒకే సెమిస్టర్‌లో కుప్పపోయకుండా 12 ఉన్నచోట రెండు కఠినమైనవి, రెండు తేలికైనవి పెట్టుకోవాలి. తొందరపడి ఒకటి ఫెయిలైతే మళ్లీ అదే 3,000 కట్టాలి.

డిసెంబర్‌లో ముగించాలనుకుంటే మరో సంగతి గుర్తుంచుకోండి. ఆమె ఐ-20లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన పత్రం) చివరి తేదీ 2027 మే అని ఉంటే దాన్ని డిసెంబర్‌కు తగ్గించమని డీఎస్ఓను అడగాలి, ఆ సెమిస్టర్ మొదట్లోనే గ్రాడ్యుయేషన్‌కు అప్లై చేయాలి. ఓపీటీకి, అంటే డిగ్రీ అయ్యాక అక్కడ ఉద్యోగం చేసే అనుమతికి, ప్రోగ్రామ్ ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, అంటే సెప్టెంబర్‌లోనే. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. అమ్మాయి "నీకు అర్థం కాదు" అన్నది బహుశా దీని గురించే, చేతిలో ఆఫర్ లేకుండా డిగ్రీ ముగిస్తే ఆ గడువు తరుముతుంది, ఆ టెన్షన్ నిజమైనదే. అందుకే నిర్ణయం ఇప్పుడే ఖాయం చేయకండి. స్ప్రింగ్‌లో 12 చదివితే వచ్చే ఆగస్టులో రెండు దారులూ తెరిచే ఉంటాయి. సమ్మర్ ఇంటర్న్‌షిప్ చేసిన కంపెనీ ఉద్యోగం ఇస్తానంటే డిసెంబర్‌లో ముగించండి. ఏమీ లేకపోతే ఫాల్‌లో ఒక సబ్జెక్ట్ తప్పించి మేకు జరుపుకోవచ్చు, కానీ అలా తగ్గించే ముందు 9 క్రెడిట్ల లెక్క ఎలా నింపాలో డీఎస్ఓతో మాట్లాడుకోవాలి. ఆఖరి సెమిస్టర్‌లో మాత్రం మిగిలినవి తక్కువైతే అనుమతితో తక్కువ క్రెడిట్లు తీసుకోవచ్చు, ఒక్కటే మిగిలితే అది పూర్తిగా ఆన్‌లైన్ సబ్జెక్ట్ అయి ఉండకూడదు.

ఫీజు తగ్గించుకునే దారి ఒకటి టెక్సాస్‌లో ఉంది. యూనివర్సిటీ స్కాలర్‌షిప్ కమిటీ పోటీ మీద ఇచ్చే కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ వస్తే, బయటి రాష్ట్రాల రేటు బదులు టెక్సాస్ వాళ్లకు వేసే రేటే వేసే వెసులుబాటు అక్కడి చట్టంలో ఉంది. అందరికీ రాదు, సీట్లు పరిమితం. అయినా అప్లై చేయకపోతే అసలే రాదు.

లోన్ సంగతి. ఇప్పుడు 12 లక్షల మీద నెలకు 10,500 వడ్డీ పడుతోంది, మొత్తం 40 లక్షలూ తీస్తే అది 35,000 అవుతుంది. కాబట్టి బ్యాంకును ఏ సెమిస్టర్‌కు కావాల్సింది ఆ సెమిస్టర్‌కే విడుదల చేయమనండి, "ఎందుకైనా మంచిది" అని ముందే తీసి ఖాతాలో ఉంచుకోకండి. శాంక్షన్ లెటర్‌లో మారటోరియం కోర్సు ముగిశాక ఆరు నెలలా, ఏడాదా చూడండి, డిసెంబర్‌లో ముగిస్తే ఈఎంఐ కూడా ముందే మొదలవుతుందేమో అడగండి. మీరు పాత పన్ను విధానంలో ఉండి, లోన్‌లో మీ పేరుండి, మీ జీతంలోంచి వడ్డీ కడితే ఆ వడ్డీ మొత్తానికీ మినహాయింపు దొరుకుతుంది, కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్లు. రిటైర్మెంట్ దగ్గర్లో ఉంటే కొంచెం కొంచెంగానైనా ఇప్పుడే మొదలుపెట్టడం మీకు లాభం. స్ప్రింగ్ ఫీజు డబ్బులు అడిగేటప్పుడు మాత్రం బ్యాంకుకు మూడు సబ్జెక్టుల అంచనా కాకుండా నాలుగింటి ఫీజు రసీదు ఇవ్వండి, లేకపోతే ఆ నాలుగో దానికి క్రెడిట్ కార్డు గీకాల్సి వస్తుంది.